ఇకిరూనా, వైల్డ్ స్ట్రాబెర్రీసా? నాన్నతో రెండు ఆదివారాలు

సినిమాకి స్టార్లు ఇవ్వడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. మూడున్నర ఇచ్చారంటే ఆ మిగతా ఒకటిన్నర ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పరు. అందుకే నా లెక్క నేను పెట్టుకున్నాను. మొత్తం పది మార్కులు. అందులో నాలుగు ఫోన్‌వి: సినిమా నడుస్తుండగా ఫోన్ ముట్టుకున్న ప్రతిసారీ అర మార్కు కోత. ఇంకో నాలుగు మర్నాటివి: సోమవారం ఆఫీసులో, నేను పనిగట్టుకుని తలుచుకోకుండానే, ఏదైనా సీను కళ్లముందుకు వచ్చిందా అని. మిగతా రెండూ మళ్లీ చూస్తానా అన్నదానికి. కథకీ నటనకీ వేరే మార్కుల్లేవు. అవి బాగుంటేనే కదా ఫోన్ జేబులో ఉండేది.

మొన్న నాన్న బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి వచ్చి మూడు వారాలున్నారు. ప్రకాశం జిల్లాలో ఒక మునిసిపాలిటీలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. బెంగళూరులో ఆయనకి ఏమీ తోచదు. కింద వాచ్‌మన్‌కి తెలుగు రావడం ఒక్కటే ఊరట. 1971లో మొదలైన, బనశంకరిలోని సుచిత్ర ఫిల్మ్ సొసైటీకి తీసుకెళ్దామనుకున్నాను గానీ, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటించాలంటే నాకే ధైర్యం చాలలేదు. ఇంట్లోనే టీవీలో రెండు ఆదివారాలు రెండు సినిమాలు పెట్టాను. రెండూ నలుపు తెలుపే. రెండింట్లోనూ ఒక ముసలాయన తన బతుకుని తిరగేసి చూసుకుంటాడు. చిత్రమేమిటంటే తీసినవాళ్లు ముసలివాళ్లు కాదు. 1952లో ఇకిరూ వచ్చేనాటికి జపాన్ దర్శకుడు కురోసావాకి 42, 1957లో వైల్డ్ స్ట్రాబెర్రీస్ తీసేటప్పుడు స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్‌కి 39. నాకిప్పుడు 38.

ముందు స్వీడన్ సినిమా. గంటన్నరే కాబట్టి నాన్న ఓపిక పడతారనుకున్నాను. 78 ఏళ్ల డాక్టరు ఇసాక్ బోర్గ్, యాభై ఏళ్ల సేవకి సన్మానం అందుకోవడానికి స్టాక్‌హోమ్ నుంచి లుండ్‌కి కారులో బయల్దేరతాడు. పక్కన కోడలు. కారెక్కిన కాసేపటికే, మీరు స్వార్థపరులు మామగారూ అన్నట్టు మొహం మీదే చెప్పేస్తుంది. దారిలో చిన్నప్పటి వేసవి ఇల్లు వస్తుంది. అక్కడ ఆయన నిలబడి ఉండగానే చిన్ననాటి మనుషులు చుట్టూ తిరుగుతుంటారు, ఈయన మాత్రం వాళ్ల కంటికి కనపడడు. గతాన్ని చూపించడానికి వేషం మార్చలేదు, వయసు తగ్గించలేదు. ముసలాయన్ని అలాగే తీసుకెళ్లి తన పడుచుదనం గుమ్మంలో నిలబెట్టారు. ఇంత తేలికైన ఉపాయం ఇంత లోతుగా దిగుతుందని నేననుకోలేదు. ఆ వేషం కట్టిన విక్టర్ షోస్ట్రోమ్ మూకీల కాలంలో తనే పెద్ద దర్శకుడు. షూటింగ్ నాటికి నిజంగానే 77. ఆయన మొహం మీద కెమెరా ఊరికే ఆగినా సీను అయిపోతుంది.

మెచ్చనివీ ఉన్నాయి. కలలో పరీక్ష పెట్టే సీను మరీ పాఠంలా ఉంది. దారిలో కారెక్కే కుర్రకారు అల్లరి అరువు తెచ్చుకున్నట్టుంది.

నాన్న సగంలో కునుకు తీశారు. సబ్‌టైటిళ్ల ఇంగ్లీషు ఆయనకి వచ్చు, ఆ వేగమే అందదు. పెట్రోలు బంకు దగ్గర మాత్రం మెలకువ వచ్చింది. ఒకప్పుడు ఆ ప్రాంతంలో చేసిన వైద్యం గుర్తుపెట్టుకుని బంకతను డాక్టరు దగ్గర డబ్బులు తీసుకోడు. "ఏరా, ఇంత మంచోడైతే ఇంట్లోవాళ్లకెందుకు గిట్టడు?" అన్నారు. సినిమా మొత్తం అడుగుతున్న ప్రశ్న అదే మరి. సగం నిద్రపోయినా దాన్నే పట్టుకున్నారు.

రెండో ఆదివారం ఇకిరూ. 143 నిమిషాలు. మొదటి షాటే పొట్ట ఎక్స్‌రే. నగర పాలక కార్యాలయంలో ముప్పై ఏళ్లుగా స్టాంపులు కొడుతూ కూర్చున్న సెక్షన్ అధికారి వతనాబెకి కడుపులో కాన్సర్. డాక్టర్లు నీళ్లు నమిలి, చిన్న పుండే అని పంపించేస్తారు. ఈలోగా మురికిగుంట పూడ్చి పిల్లలకి పార్కు కట్టమని కొందరు ఆడవాళ్లు అర్జీ పట్టుకొస్తారు. ఈ సెక్షన్ కాదంటే ఆ సెక్షన్, అక్కడ్నుంచి ఇంకోటి, ఆరోగ్య శాఖ, పారిశుధ్యం, డిప్యూటీ మేయర్, తిరిగి తిరిగి మొదటి కిటికీకే. నాన్న పడీపడీ నవ్వారు. "ఈ డైరెక్టరు ఎక్కడో గుమస్తాగా చేసుండాలి" అని తీర్మానించారు.

నేను మాత్రం మధ్యలో ఫోన్ తీశాను. బార్లూ డాన్సులూ అంటూ వతనాబె రాత్రంతా తిరిగే భాగం సాగింది, నిజం చెప్పాలి. చివరికి ఆ పార్కు కట్టించే పని వతనాబె తన నెత్తినేసుకుంటాడు. అయితే సినిమా ఇంకా చాలా ఉండగానే హీరో చచ్చిపోతాడు. తర్వాత కథంతా తోటి ఉద్యోగులు అతని ఫొటో ముందు తాగుతూ చెప్పుకునేదే. పార్కు ఎవరివల్ల వచ్చింది, అతనికి జబ్బు సంగతి తెలుసా, తెలియదా? బెర్గ్‌మన్ ముసలాయన తన లోపలికి తనే చూసుకున్నాడు. ఇక్కడ లోపల ఏముందో బయటివాళ్లు గుచ్చి గుచ్చి లెక్క తేల్చాలి. పెద్దదినం భోజనాల దగ్గర వినేవి అచ్చం ఈ మాటలే. తాగిన మైకంలో అందరూ, రేపట్నుంచి మనమూ అతనిలా పనిచేయాలి అని ఒట్లు పెట్టుకుంటారు. మర్నాడు ఆఫీసు మళ్లీ మామూలే. దీనికి మనకి మాట ఎప్పట్నుంచో ఉంది కదా, శ్మశాన వైరాగ్యం అని. ఆ మాటకి ఇంత పెద్ద సీను ఉంటుందని మాత్రం తెలియదు.

లెక్కకి వద్దాం. వైల్డ్ స్ట్రాబెర్రీస్‌కి ఫోన్ మూడు, మర్నాడు నాలుగు, మళ్లీ చూడటం రెండు, మొత్తం తొమ్మిది. ఇకిరూకి ఫోన్ ఒకటిన్నర, మర్నాడు నాలుగు, మళ్లీ చూడటం ఒకటి, మొత్తం ఆరున్నర. ఒక్కరే, రాత్రిపూట, తలుపేసుకుని చూసేవాళ్లకి బెర్గ్‌మనే మేలు. ఇంట్లో పెద్దవాళ్లతో, ముఖ్యంగా గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి దిగినవాళ్లతో చూసేటట్టయితే నా మార్కులు పక్కన పెట్టి ఇకిరూ పెట్టండి. మధ్యలో కాఫీకి ఆపినా నష్టం లేదు. నా లెక్కలో పక్కనున్న మనిషికి మార్కుల్లేకపోవడం ఆ రోజే తెలిసింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ ఇరికించాలో తోచడం లేదు.

ఎందుకంటే సినిమా అయ్యాక నాన్న అడిగింది వతనాబె గురించి కాదు. "పార్కులో శిలాఫలకం మీద డిప్యూటీ మేయర్ పేరే వేసుంటారా?" అని. అలాంటి ఫలకం చూపించలేదు గానీ, పేరంతా ఆయనే కొట్టేస్తాడని చెప్పాను. నాన్న తలూపి, మా ఊళ్లో బస్టాండు వెనక వాటర్ ట్యాంకు కథ ఎత్తుకున్నారు. దాని మీద ఎవరి పేరుందో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ ఫైలు వెంటపడి తిరిగింది ఎవరో ఎప్పుడూ వినలేదు. ఊరెళ్లాక కూడా ఫోన్లో చెబుతూనే ఉన్నారు. నిన్న రాత్రికి టెండరు దాకా వచ్చింది.