18 రూపాయల గుడ్డు: మూడు డబ్బాలు కొన్నాక

మా వీధి చివర కిరాణా కొట్లో గుడ్డు 7 రూపాయలు. విశాఖ ఎంవీపీ కాలనీలో కొత్తగా పెట్టిన ఆర్గానిక్ సరుకుల షాపులో ఆరు గుడ్ల డబ్బా 108, అంటే ఒక్కోటి 18. డబ్బా మీద పచ్చగడ్డిలో తిరుగుతున్న కోడిపెట్ట బొమ్మ, పక్కన ‘బోనులు లేని పెంపకం’ అని పెద్దక్షరాలు. షాపు పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. నెలన్నరలో మూడు డబ్బాలు కొని, ప్రతిసారీ పక్కన కిరాణా గుడ్లు, సీతమ్మధార రైతుబజార్ దగ్గర ఒకావిడ అమ్మే నాటు గుడ్లు పెట్టుకుని చూశాను. మా ఆయన దీన్ని పిచ్చి అన్నారు గానీ ఆమ్లెట్లు మాత్రం తిన్నారు.

మొదటి డబ్బా అదిరింది. కంచంలో కొడితే పచ్చసొన బంతిలా లేచి నిలబడింది, తెల్లసొన చిక్కగా దాని చుట్టూనే ఉండిపోయింది. కిరాణా గుడ్డేమో కంచమంతా పారింది. ఇంకేం, 18 రూపాయలకి న్యాయం జరిగిందనుకున్నా.

రెండో డబ్బాకి కథ తిరగబడింది. ఈసారి పారింది 18 రూపాయల గుడ్డు, నిలబడింది కిరాణా గుడ్డు. ఆరోజు పొద్దున్నే కొట్లో కొత్త లోడు దిగిందట. అప్పుడు వెలిగింది, నేను ఇన్నాళ్లూ చూస్తున్నది కోడి ఎక్కడ పెరిగిందని కాదు, గుడ్డు పెట్టి ఎన్నాళ్లయిందని. పెంకుకి ఉండే సన్నటి రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేకొద్దీ తెల్లసొనలో క్షారగుణం పెరిగి పలచబడిపోతుంది, ఎండలో అయితే ఇంకా తొందరగా. తెల్లసొన ఎత్తుని గుడ్డు బరువుతో కలిపి లెక్కగట్టే ‘హా యూనిట్’ అనే కొలత 1937 నుంచీ ఉంది, నేను కంచంలో చేసింది దాని మోటు రూపమే. మరి ఈ షాపువాళ్లు లోపల ఏసీ పెట్టి, గుడ్ల స్టాండు మాత్రం అద్దాల తలుపు పక్కన, మధ్యాహ్నం ఎండ నేరుగా పడేచోట పెట్టారు! ఎప్పుడు పెట్టిన గుడ్లు బాబూ అని అడిగితే కుర్రాడు "ప్యాకింగ్ డేట్ ఉంది కదా మేడం" అన్నాడు. ప్యాక్ చేసింది నువ్వు, పెట్టింది కోడి, రెండూ ఒకరోజే జరగాలని ఏముంది.

ఇంకో సంగతి, పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉందని మా మావయ్యగారు "ఇది అసలు గుడ్డు" అని తేల్చేశారు. ఆ రంగు మేత వల్ల వస్తుంది. మొక్కజొన్న ఎక్కువైనా వస్తుంది, దాణాలో బంతిపూల సారం కలిపినా వస్తుంది, బోనులో కోడికి కూడా. పెంకు గోధుమరంగు అయితే జాతిని బట్టి. తెల్ల లెగ్‌హార్న్ పెట్టని తోటలో వదిలినా తెల్లగుడ్డే పెడుతుంది.

అయితే పెంపకంతో తేడా లేదా అంటే, ఉంది. మా పుట్టిల్లు తణుకు పక్కన, లేయర్ షెడ్లు, అంటే గుడ్ల కోసం కోళ్లని పెంచే షెడ్లు చూస్తూ పెరిగాను. తీగల బోనులో మూడు నాలుగు కోళ్లు, అడుగు వాలుగా ఉంటుంది, గుడ్డు పెట్టగానే దొర్లుకుంటూ ముందుకొచ్చి ఆగుతుంది. అందుకే ఫారం గుడ్డుకి రెట్ట అంటడం తక్కువ, కాకపోతే ఆ దొర్లడంలో కొన్నిటికి వెంట్రుకంత బీట పడుతుంది. బోనుల్లేకుండా ఊక మీద తిరిగే కోళ్లలో కొన్ని, గుడ్లు పెట్టడానికి అమర్చిన పెట్టెల్లో కాకుండా నేలమీదే పెట్టేస్తాయి, మురికవుతాయి. మూడో డబ్బాలో రెండు గుడ్లకి రెట్ట మరకలు. ఒకదాంట్లో నెత్తుటి చుక్క కూడా వచ్చింది, మా అత్తయ్య కంగారుపడి పారేయబోయారు. కోడి అండాశయం నుంచి పచ్చసొన విడివడేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే అలా ఉంటుంది, గోధుమరంగు గుడ్లలో కాస్త ఎక్కువ, తినొచ్చు. మరకలున్నాయని కడిగి దాచకండి, పెంకు మీద ఉండే సన్నటి పొర పోతే క్రిములకి దారి ఇచ్చినట్టే. వండేముందు కడుక్కోండి చాలు.

ఆరుబయట ఎండలో తిరిగి, గడ్డీ పురుగూ తిన్న కోడి గుడ్డులో విటమిన్ డి, మేతని బట్టి ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఎక్కువ ఉంటాయి, ఆ మాట నిజం. మాంసకృత్తులు మాత్రం, మామూలు సైజు గుడ్డయితే ఎలా పెంచిన కోడిదైనా ఇంచుమించు ఆరు గ్రాములే. ఇక్కడే నాకు మండింది. ‘బోనులు లేని’ అంటే ఆరుబయట అని అర్థం కాదు. గట్టిగా అడిగితే షాపతను సప్లయర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాడు, ఊక పరిచిన మూసిన షెడ్డట! మరి ఆ పచ్చగడ్డి బొమ్మ ఎందుకయ్యా? యూరప్‌లో గుడ్డు మీదే అంకె ముద్రిస్తారు, 0 ఆర్గానిక్, 1 ఆరుబయట, 2 షెడ్డు, 3 బోను. ఇక్కడ బొమ్మ చూసి నమ్మాలి.

నాటు గుడ్లు 15 రూపాయలు, ఒక్కోటి 40 గ్రాములుంటుందేమో. ఫారం పెట్ట ఏడాదికి 300 పైన పెడితే నాటుపెట్ట 60, 80తో సరి, కాబట్టి ధరకి నేను గొణగను. కానీ గంప నిండేదాకా పోగేసి తెస్తారు కదా, పదింటిలో ఒకటి నీళ్లలో వేస్తే తేలింది, అంటే పాతబడిందన్నమాట.

ఆమ్లెట్ పరీక్షలో ఎవరూ గుర్తుపట్టలేదు. నాటుది ఏదంటే మా అత్తయ్య కిరాణా గుడ్డు అట్టు చూపించారు. పులుసులో సరేసరి. ఉడికించినప్పుడు మొదటి డబ్బా గుడ్లకి పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడొచ్చింది, అది తప్పు కాదు, తాజా గుడ్డు అంతే.

రుచికోసమైతే 18 పెట్టకండి, లోడు దిగే రోజు కనుక్కుని కిరాణాలో కొనుక్కోండి. కోడి కోసమైతే నేను పెడతాను. మన దగ్గర బోనుల్లో ఒక్కో కోడికి దక్కేది సుమారు 450 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితమే 623 ఉంటుంది. రెక్క చాపడానికి లేదు. ఆ మాదిరి బోనుల్ని యూరోపియన్ యూనియన్ 2012 నుంచి నిషేధించింది. షెడ్డయినా, ఊక కెలుక్కుంటూ తిరగ్గలిగితే నాకు చాలు, అందుకే నాలుగో డబ్బా కూడా తెస్తాను.

ప్రస్తుతానికి మూడు స్టార్లు. డబ్బా మీద గుడ్డు పెట్టిన తేదీ వేసి, ఆ స్టాండు ఎండలోంచి లోపలికి జరిపితే నాలుగోది ఇస్తా. గడ్డి బొమ్మ తీసేస్తే ఐదోది.