గోల్కొండ కిందా, హుస్సేన్ సాగర్ అడుగునా?

నక్షత్రాల మధ్య తిరిగే ఒక జాతి, హైదరాబాద్‌లో దాగిన మాయాలోకాన్ని తొలిసారి కలుస్తుంది. కథలో ఆ లోకం ఎక్కడుండాలి?

హుస్సేన్ సాగర్ అడుగున అయితే ఊహకు అందంగానే ఉంటుంది. కానీ అది 1560లలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టించిన చెరువు. వేల ఏళ్ల నాగరికత అంత కొత్త నీటి కిందకి ఎలా చేరిందో చెప్పడానికే సగం కథ అయిపోతుంది.

నా ఓటు గోల్కొండకే. అక్కడి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎంత పాత జాతినైనా దాచుకోగలదు! పైగా కింద కోట ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండపైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. ఒకరి భాష ఒకరికి తెలియనప్పుడు అంతకన్నా మంచి పలకరింపు ఏముంటుంది? నక్షత్రాల నుంచి వచ్చినవాళ్ల నౌక కొండపైన దిగి ఆగాలి. మొదటి చప్పట్లు మాత్రం దాగున్నవాళ్లే కొట్టాలి, ఎందుకంటే బయటపడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. చప్పుడు రాకపోతే నౌక వెనక్కి వెళ్లిపోవాలి.