సెల్ డివిజన్ మోడల్ కిట్, ద్వారకానగర్‌లో కొన్నాం: మ్యాగ్నెట్లు సూపర్, బుక్‌లెట్ వేస్ట్

మా పాప ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, సెల్ డివిజన్ బుర్రకెక్కట్లేదని ఒకటే గోల, అందుకని ద్వారకానగర్‌లో సైన్స్ సామాన్లు అమ్మే షాపులో ఈ కిట్ తీసుకున్నాం. 650 చెప్పాడు, బేరమాడితే ఏభై తగ్గించాడు.

మ్యాగ్నెట్ ఐడియా మాత్రం అదిరింది అండి, ఒక్కో క్రోమోజోమ్‌కి రెండు ప్లాస్టిక్ ముక్కలు, సెంట్రోమియర్ (రెండు కాపీలు అతుక్కుని ఉండే చోటు) ఉండాల్సిన చోట మ్యాగ్నెట్ బటన్, ఎస్ ఫేజ్‌లో, అంటే కణం విడిపోక ముందు వచ్చే దశలో, డీఎన్ఏ కాపీ అయిందనుకుని రెండో ముక్క దగ్గరికి తెస్తే టక్కున పట్టేసుకుంటుంది, అనాఫేజ్‌కి, అంటే కాపీలు విడిపోయే దశకి వచ్చాక చెరో పక్కకి లాగాలి. మనిషి కణంలో 46 క్రోమోజోములు, కాపీ అయ్యాక క్రొమాటిడ్లు (అంటే ఆ జంటలోని ఒక్కో కాపీ) 92, అయినా సెంట్రోమియర్ దగ్గర కలిసున్నంతసేపు లెక్క 46 అనే, ఇది చేత్తో చేస్తేగానీ పాపకి ఎక్కలేదు.

బుక్‌లెట్‌లో మాత్రం ఎస్ ఫేజ్‌లోనే క్రోమోజోముల సంఖ్య డబుల్ అవుతుందని అచ్చేశారు! డబుల్ అయ్యేది డీఎన్ఏ బాబూ, నీట్‌లో అలా పెడితే మైనస్ మార్కే. క్రొమాటిడ్లని అతికించి ఉంచే కోహెసిన్ ప్రొటీన్ ఊసే లేదు. డీఎన్ఏ ప్రతి కాపీలో ఉండే రెండు పోగుల్లో ఒకటి పాతది, ఒకటి కొత్తది అని మెసెల్సన్, స్టాల్ అనే సైంటిస్టులు 1958లోనే చూపించారు కదా, అది తెలిసేలా రెండు రంగులు వెయ్యొచ్చు, అన్నీ ఒకటే ఎరుపు. షాపాయన్ని అడిగితే కంపెనీ వాళ్ళనడగండి అన్నాడు. మ్యాగ్నెట్లు విడిగా కూడా ఇస్తారంట.