ఆయిల్ మార్చామని బిల్లు ఇచ్చారు, ఫిల్టర్ మాత్రం పాతదే. కారు సర్వీసింగ్‌కి ఇచ్చేవాళ్ళు జాగ్రత్త

ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర కారు ఉండి, దాని సర్వీసింగ్ మొత్తం బయటి గ్యారేజీకి వదిలేసిన వాళ్ళు ఇది దయచేసి చివరిదాకా చదవండి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు, పెద్దవాళ్ళు గుడికీ రైతుబజారుకీ కారు తీస్తారు, బానెట్ ఎత్తి చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇలాంటి ఇళ్ళనే చూసుకుని మోసం చేస్తున్నారు. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నా.

విజయవాడలో మా నాన్నగారి కారు, పెట్రోల్ స్విఫ్ట్. వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించారు. ఆ తర్వాత ఇంటికి దగ్గరలో కొత్తగా పెట్టిన ఒక మల్టీ బ్రాండ్ గ్యారేజీ వాళ్ళు ప్యాకేజీ అంటగట్టారు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. "మాస్టారూ, మన ఎండలకీ ఈ దుమ్ముకీ పదివేల కిలోమీటర్ల దాకా ఆగితే ఇంజన్ పోతుందండీ, ఐదు వేలకో ఆరు నెలలకో ఆయిల్ మార్చాల్సిందే, మీరు రానక్కర్లేదు, మా కుర్రాడే వచ్చి కారు తీసుకెళ్తాడు" అన్నారు. రిటైరైన మనిషి, మర్యాదగా మాట్లాడితే నమ్ముతారు. అప్పట్నుంచి ఆరు నెలలకోసారి ఠంచనుగా కుర్రాడు రావడం, సాయంత్రానికి కారు కడిగి తెచ్చి ఇవ్వడం, డోరు పక్కన కొత్త తేదీతో స్టిక్కర్, చేతిలో బిల్లు. బిల్లులో ఫుల్ సింథటిక్ ఆయిల్ నాలుగు లీటర్లు, ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ వాషర్, ఇంజన్ ఫ్లష్ (లోపలి జిగురుని కడిగే మందు), మళ్ళీ లేబర్ వేరే, అన్నిటి మీదా జీఎస్టీ. చూస్తే ఎక్కడా అనుమానం రాదు.

కొన్నాళ్ళకి పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్లోంచి టకటకమని చప్పుడు మొదలైంది. గ్యారేజీకి ఫోన్ చేస్తే పెట్రోల్ కల్తీ అన్నారు, బంకు మార్చమన్నారు. బంకు మార్చినా చప్పుడు పోలేదు. ఆ తర్వాత బెంజ్ సర్కిల్ దగ్గర మలుపు తిరుగుతుంటే డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది. ఇక్కడ ఒక్కమాట. ఆ లైటుకి చాలామంది "సర్వీస్ టైమ్ అయింది" అని అర్థం చెప్పుకుంటారు, తప్పు. ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని దానర్థం. మలుపుల్లో మాత్రమే వెలుగుతోందంటే ఆయిల్ బాగా తగ్గిపోయి, పక్కకి ఒరిగినప్పుడు పంపుకి అందడం లేదని. వెలిగితే బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి, అంతే, ఇంటిదాకా నెమ్మదిగా పోదాంలే అనుకోకూడదు.

నాన్నగారు ఆపేశారు, అదృష్టం. నేను వెళ్ళాక కారుని ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి ఇంజన్ పనే చేస్తున్న ఒక మెకానిక్ దగ్గరికి లాగించాం. ఆయన లిఫ్ట్ ఎక్కించి టార్చి పట్టుకుని కిందికి వెళ్ళి, రెండు నిమిషాల్లో "మాస్టారూ, ఇటు రండి" అని పిలిచాడు. ఆయిల్ ఫిల్టర్ మీద మట్టి, నూనె కలిసి గట్టిపడి ఉంది. గుడ్డతో తుడిచేసరికి దాని మీద తెల్ల పెయింట్ మార్కర్‌తో రాసిన కిలోమీటర్ల అంకె బయటపడింది. అది కంపెనీ సర్వీస్ సెంటర్లో చివరిసారి ఫిల్టర్ బిగించిన కుర్రాడు రాసుకున్నది. ఆ రోజు కంపెనీ బిల్లు మీద ఉన్న రీడింగూ, ఫిల్టర్ మీద ఉన్న అంకే ఒక్కటే. అంటే ఆ తర్వాత "ఫిల్టర్ మార్చాం" అని డబ్బులు తీసుకున్న ప్రతి బిల్లూ అబద్ధమే. పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు చుట్టూ కూడా అదే మట్టి, స్పానర్ పడిన గుర్తే లేదు. "పైనుంచి ఎప్పుడైనా కాస్త కలిపారేమో గానీ, కింద మాత్రం విప్పలేదండీ" అన్నాడాయన.

బోల్టు విప్పితే మూడు లీటర్ల పైచిలుకు రావాల్సిన చోట అందులో సగం కూడా రాలేదు. వచ్చింది కూడా తారులా ఉంది. ఆయిల్ పోసే మూత లోపలి వైపు నల్లటి జిగురు పేరుకుని ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ దింపి చూస్తే ఆయిల్ పీల్చుకునే జాలీ సగం మూసుకుపోయింది. ఇంజన్ పైన వాల్వులని కదిపే ట్యాపెట్లు మోగింది అందుకే, పైదాకా ఆయిల్ ఎక్కడం లేదు. ఛాంబర్, జాలీ కడిగించి, కొత్త ఫిల్టర్ వేయించి, కొత్త ఆయిల్ పోయించాం. అది లోపలి జిగురుని కరిగించుకుంటుంది కాబట్టి ఈసారి తొందరగానే మళ్ళీ మార్చమన్నాడు. చప్పుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కొంత అరుగుదల అయిపోయింది, దాన్ని ఇంక ఎవరూ వెనక్కి తేలేరు.

అసలు ఎన్నాళ్ళకి మార్చాలి అనేది మీకు తెలిసి ఉంటే ఇలాంటివాళ్ళ నోరు మూయించడం తేలిక. మారుతి, హ్యుందాయ్ లాంటి చిన్న పెట్రోల్ కార్లకి మామూలు వాడకంలో 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందొస్తే అది. మీ కారుకి ఎంతో ఓనర్స్ మాన్యువల్ వెనక టేబుల్లో ఉంటుంది. గ్లవ్ బాక్సులోంచి తీసి చూడండి. "లేదా ఏడాది" అన్న మాట ముఖ్యం. నాన్నగారి కారులాగా ఏడాదికి నాలుగైదు వేలే తిరిగినా కనీసం ఏడాదికోసారైనా మార్చాల్సిందే. ఎందుకంటే రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్లోనే ఉండిపోతాయి. అదే మాన్యువల్లో కఠినమైన వాడకం అని ఇంకో టేబుల్ కూడా ఉంటుంది: ఎప్పుడూ దగ్గర ప్రయాణాలే, దుమ్ము రోడ్లు, గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడటం, ఘాట్ రోడ్లు. అలాంటి వాటికి గడువు దాదాపు సగానికి తగ్గుతుంది. కాబట్టి రోజూ అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి ట్రాఫిక్‌లో పాకే కారుకి ఐదు వేలకి మార్చడం అనవసరం అని నేను అనను. నా బాధల్లా, ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని గడువు సగం చేసి, డబ్బు రెండింతలు వసూలు చేసి, పని మాత్రం సున్నా చేయడం మీద.

డీజిల్ వాళ్ళకి ఒక్క మాట: ఆయిల్ రెండు రోజులకే నల్లబడితే కంగారు పడొద్దు, డీజిల్ మసి అంతే, నలుపు చూపించి మార్చమంటే ఒప్పుకోకండి. కానీ 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో ఆయిల్ లెవెల్ పెరుగుతోందేమో చూసుకోండి. సిటీలోనే తిరిగితే పొగగొట్టం ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునే పని మధ్యలో ఆగిపోయి, డీజిల్ వచ్చి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ మీద పై గీత దాటిందంటే కిలోమీటర్లతో పని లేదు, వెంటనే మార్పించాలి.

లీటర్ల దగ్గర ఇంకో మోసం. మా ఇంజన్ తాగేది మూడు లీటర్ల చిల్లర, బిల్లు నాలుగుకి. మిగిలిన ఆయిల్ ఏదీ అని అడిగితే డబ్బా మీది, తీసుకెళ్ళండి అనాలి. మాకు ఎప్పుడూ ఇవ్వలేదు, అసలు డబ్బా తెరిస్తే కదా. డ్రమ్ము నుంచి కొలిచి పోసే చోట తప్పేమీ లేదు, కంపెనీ సర్వీస్ సెంటర్లలోనూ అలాగే పోస్తారు, కానీ అప్పుడు బిల్లు కూడా పోసినంతకే ఉండాలి. గ్రేడ్, అంటే ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలన్నది కూడా చూడండి. కొత్త మారుతి పెట్రోల్ ఇంజన్లకి 0డబ్ల్యూ-16 లాంటి పల్చటి ఆయిల్ చెబుతారు, దాంట్లో డ్రమ్ములో ఉంది కదా అని 20డబ్ల్యూ-50 చిక్కటిది పోసేస్తే మైలేజీ పడిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు పైదాకా ఆయిల్ ఎక్కడం ఆలస్యమవుతుంది. ఇంజన్ ఫ్లష్ అనేది మాన్యువల్లో అడిగితే తప్ప వద్దనండి. లోపల జిగురు పట్టిన పాత ఇంజన్లో అది పెళ్ళలు ఊడదీసి జాలీకి అడ్డం పడేస్తుంది, మంచికి పోయి చెడు కొనుక్కున్నట్టే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. కారు దగ్గర నిలబడండి. "కస్టమర్లు లోపలికి రాకూడదు, ఇన్సూరెన్స్ రూల్" అన్నారంటే బోల్టు విప్పేటప్పుడు వీడియో తీసి పంపమనండి, అదీ కుదరదంటే తాళం తీసుకుని వచ్చేయండి. ఊళ్ళో లేని వాళ్ళు నాన్నగారితో పాటు ఎవరినైనా తోడు పంపండి. ఆయిల్ డబ్బా సీలు మీ ముందే తీయాలి, పాత ఫిల్టర్, పాత వాషర్ మీ చేతికి ఇవ్వాలి, కొత్త ఫిల్టర్ మీద తేదీ, కిలోమీటర్లు మార్కర్‌తో మీరే రాయండి. మమ్మల్ని బయటపడేసింది ఆ మార్కర్ రాతే. ఖాళీ డబ్బాని గ్యారేజీలో వదలకండి, ఇంటికి తెచ్చి కోసి పడేయండి, లేకపోతే అందులోనే కల్తీ ఆయిల్ నింపి ఇంకొకరికి అమ్ముతారు. ఇంటికొచ్చాక సమతలంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడండి, రెండు గీతల మధ్య ఉండాలి. ఎక్కువున్నా తప్పే, తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

గ్యారేజీ వాళ్ళని బిల్లులూ ఫొటోలూ పెట్టి నిలదీస్తే ముందు కుర్రాడి మీదికి తోశారు, తర్వాత "వచ్చే సర్వీస్ ఫ్రీ" అన్నారు. ఆ చేతులకి మళ్ళీ కారు ఇస్తామా! 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్లో వేయొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేయాలి.

ఇలాంటి ప్యాకేజీ తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వేరే మెకానిక్‌తో ఆయిల్ మార్పించే ముందే ఫిల్టరూ డ్రెయిన్ బోల్టూ ఎలా ఉన్నాయో అలాగే, తుడవకుండా, ఓడోమీటర్ రీడింగ్‌తో సహా ఫొటోలు తీయించండి. తీసిన ఫిల్టర్ పారేయకుండా కవర్లో కట్టి, పాత బిల్లులతో కలిపి దాచండి. ఒకసారి విప్పి తుడిచేశాక ఏ కమిషన్‌లోనూ చూపించడానికి మన దగ్గర ఏమీ మిగలదు.