ఒక్క ఐపీ మీద నాలుగు సైట్లు: కాడీతో ఎనిమిది నెలలు

ఇంట్లో సర్వర్ పెట్టుకుని రెండు మూడు డొమైన్లు నడపాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, డొమైనుకో (అంటే సైటు పేరుకో) ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో చిరునామాగా ఉండే నంబరు, అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే రెండో స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే ఐపీ) ఇమ్మని ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్ చుట్టూ నెల రోజులు తిరిగే పని నాకు తప్పేది. గుంటూరులో మా ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, బయటి నుంచి వచ్చేవన్నీ ముందు అందుకునేలా కాడీ అనే వెబ్ సర్వర్ పెట్టి నాలుగు సైట్లు నడుపుతున్నా. ఫొటోలకు ఇమ్మిచ్, ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, నా నోట్సు, నాన్నగారు పద్యాలు పెట్టుకునే చిన్న సైటు. ఆయనది వేరే డొమైన్, మిగతా మూడూ నా డొమైన్ కింద సబ్‌డొమైన్లు.

బ్రౌజర్ వచ్చేటప్పుడే తనకు ఏ సైటు కావాలో పేరు చెప్తుంది, కాడీ ఆ పేరు చూసి లోపల ఏ పోర్టుకు (ఒక్కో ప్రోగ్రాముకూ ఉండే తలుపు నంబరు) పంపాలో అక్కడికి పంపుతుంది, అంతే. హెచ్‌టీటీపీఎస్‌లో, అంటే తాళం వేసిన సురక్షిత కనెక్షన్లో, అలా పేరు చెప్పే పద్ధతిని ఎస్ఎన్ఐ అంటారు. అది వాడుకలోకి రాకముందు హెచ్‌టీటీపీఎస్ సైటుకు విడిగా ఐపీ తీసుకోవాల్సి వచ్చేది, విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఎస్ఎన్ఐ రాదు కాబట్టి చాలా ఏళ్లు అలాగే నడిచింది. "డొమైనుకో ఐపీ" అనే మాట ఆ కాలం నుంచి మిగిలిపోయింది.

కాడీలో నాకు బాగా నచ్చింది సర్టిఫికెట్ల సంగతి, అంటే సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపించే, హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన పత్రాలు. ఇమ్మిచ్ కోసం నేను రాసింది మూడే లైన్లు: డొమైన్ పేరు, రివర్స్ ప్రాక్సీ (వచ్చినదాన్ని లోపలి ప్రోగ్రాముకు అందించడం) 2283 పోర్టుకు, బ్రాకెట్ మూత. సేవ్ చేసి రీలోడ్ కొట్టగానే సర్టిఫికెట్ తనే తెచ్చుకుంది, గడువు దగ్గరపడితే తనే మార్చుకుంటుంది, ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా నేను చెయ్యి పెట్టలేదు. పైగా ఉచితం, ఓపెన్ సోర్స్.

అయితే మొదలుపెట్టే ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు ఇచ్చిన ఐపీ) చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు సీజీ నాట్ (కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే, వెబ్‌సైట్లు వాడే 80, 443 పోర్టులు రౌటర్‌లో ఎంత ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు. నాది అదే కేసు. ఒక స్టాటిక్ ఐపీ అడిగితే ఇచ్చారు, కానీ "పోర్టులు ఓపెన్ చేశాం సార్" అని చెప్పాక కూడా 443 మూసే ఉంది, మూడు కంప్లైంట్లు పెట్టాక గానీ తెరవలేదు. స్టాటిక్ ఐపీ దొరకనివాళ్లు క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ (మన సర్వరే క్లౌడ్‌ఫ్లేర్‌కు కనెక్టయి, వాళ్ల ద్వారా సైటు బయటికి కనిపించే పద్ధతి) వైపు వెళ్లడమే మేలు.

రెండో ఐపీ నిజంగా అవసరమైంది ఇంటి లోపల. ప్రకటనలు ఆపడానికి అదే ల్యాప్‌టాప్‌లో పై-హోల్ పెడితే దానికీ 80 పోర్టే కావాలంది. ఒకే నెట్‌వర్క్ కార్డుకు 192.168.1.10, 192.168.1.11 అని రెండు ఐపీలు ఇచ్చా, రౌటర్ వాటిని ఇంకో ఫోనుకు ఇచ్చెయ్యకుండా డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తాను ఐపీలు పంచడం) రేంజ్ 50 నుంచి మొదలుపెట్టించా. అయినా పై-హోల్ లేవలేదు. ఒక సాయంత్రమంతా పోయాక తెలిసింది, కాడీ మామూలుగా అన్ని ఐపీల మీదా 80, 443 పట్టుకుని కూర్చుంటుంది. డిఫాల్ట్ బైండ్ అనే ఆప్షన్‌లో 192.168.1.10 అని రాశాకే 11 మీద 80 ఖాళీ అయింది. ఈ విషయం వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉంది గానీ కొత్తవాళ్ల కంట పడేచోట లేదు, నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఇంకోటి, వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి ఒకటే) కావాలంటే మీ డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీగా మార్చి చెప్పే వ్యవస్థ) ప్రొవైడర్ మాడ్యూల్ కలిపి కాడీని విడిగా బిల్డ్ చేసుకోవాలి, అందుకే నేను సబ్‌డొమైన్లన్నీ ఒక్కొక్కటిగా రాసుకున్నా.

అన్నీ అయ్యాక నాన్నగారి ఫోన్లో ఆయన సైటు మొబైల్ డేటాలో వస్తోంది, ఇంటి వైఫైలో మాత్రం రావట్లేదు. లోపలి నుంచి మన పబ్లిక్ ఐపీకే వెళ్తే తిప్పి లోపలికి పంపడం మా రౌటర్‌కు రాదు. పై-హోల్ లోకల్ డీఎన్ఎస్‌లో ఆ నాలుగు పేర్లకూ 192.168.1.10 అని రాసిపెట్టి, రౌటర్‌లో డీఎన్ఎస్‌గా 192.168.1.11 ఇచ్చి, ఫోన్లో వైఫై ఒకసారి ఆపి వేశాక పద్యాల పేజీ వచ్చేసింది.