మూడు ప్రశ్నలా, పుణ్యపు పద్దులా, తప్పుల చిట్టానా: ఏది మేలు?

రోజు గడిచాక తన నడతను తానే తనిఖీ చేసుకోవడానికి పాతకాలపు చైనాలో పుట్టిన పద్ధతుల్లో మూడు ఈనాటికీ ఆచరించదగ్గవి. మొదటిది, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో కన్‌ఫ్యూషియస్ శిష్యుడు జెంగ్‌జి రోజూ వేసుకున్న మూడు ప్రశ్నలు. రెండోది, మింగ్ రాజుల కాలంలో యువాన్ లియావొఫాన్ (1533–1606) ఇంటింటికీ తెలిసేలా చేసిన పుణ్యపాపాల పద్దు. మూడోది, ఆ పద్దు మీద మండిపడి ల్యూ జోంగ్‌జౌ (1578–1645) తయారుచేసిన, తప్పులు మాత్రమే ఎక్కే చిట్టా.

ముందు పద్దు సంగతి చూద్దాం, ఎక్కువమందిని ఆకర్షించేది అదే కాబట్టి. చిత్రగుప్తుడు చేయాల్సిన పని ఇక్కడ మనిషే చేసుకుంటాడు. ఇప్పుడు దొరుకుతున్న పద్దుల్లో పాతది 1171 నాటి తావో మతస్థులది. అందులో 36 పుణ్యాలు, 39 తప్పులు ఉన్నాయి. పుస్తకం, కుంచె, సిరా మంచం తలవైపు పెట్టుకోవాలి. పడుకోబోయే ముందు తేదీ వేసి ఆ రోజు చేసిన మంచి ఒక వరసలో, చెడు ఇంకో వరసలో రాయాలి. నెలాఖరున రెండూ కూడి, ఒకదాంట్లోంచి మరొకటి తీసేసి మిగులెంతో చూడాలి. ఏడాది చివర మళ్లీ మొత్తం కట్టాలి.

లియావొఫాన్ పేరుతో నడిచిన పద్దులో ప్రతి పనికీ విలువ కట్టి ఉంది. ఒక ప్రాణం కాపాడితే 100. దిక్కులేని శవాన్ని పూడ్పించినా, ఏ ఆధారమూ లేనివాణ్ణి చేరదీసినా 50. వ్యాజ్యానికి దిగబోతున్నవాణ్ణి నచ్చజెప్పి ఆపితే 5. ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే 1, ఒకరి మంచిని నలుగురిలో మెచ్చుకుంటే 1. ఒకరి చావుకు కారణమైతే 100 తప్పులు.

ఈయనకు 53వ ఏట చావు రాసి ఉందనీ, కొడుకు పుట్టడనీ ఒక జోస్యుడు చెప్పాడు. 1569లో నాన్‌జింగ్ దగ్గరి చిషియా కొండలో యుంగు అనే ధ్యానగురువు ఆ జోస్యాన్ని కొట్టిపారేసి, ఈ పద్దు చేతిలో పెట్టాడు. లియావొఫాన్ 3,000 మంచిపనులు మొక్కుకున్నాడు. అవి పూర్తి కావడానికి పదేళ్లకు పైగా పట్టింది, అంటే సగటున రోజుకు ఒకటి కూడా పడలేదు. కొడుకు కోసం మొక్కుకున్న రెండో 3,000 మాత్రం సుమారు మూడేళ్లలో, 1583 నాటికే తీరాయి. ఈసారి ఇంట్లో ఇద్దరూ లెక్క వేశారు. ఆయన భార్యకు చదువు రాదు. మంచిపని చేసినప్పుడల్లా పెద్దబాతు ఈక గొట్టాన్ని ఎర్రసిరాలో ముంచి పంచాంగంలో ఆ తేదీ మీద ఒక చుట్టు ముద్ర వేసేది. ఒక్కో రోజు పదికి పైనే పడేవట. ఈ పద్ధతి మొత్తంలో ఇప్పటికీ కళ్లకద్దుకుని తీసుకోదగ్గది ఆమె చేసిన ఈ ఏర్పాటే.

మరి పద్దు ఎక్కడ చెడుతుంది? మొదట తీసివేతలో. పొద్దున పనిమనిషిని నోటికొచ్చినట్టు తిట్టి, సాయంత్రం ఇద్దరికి భోజనం పెట్టిస్తే పుస్తకంలో మిగులే కనిపిస్తుంది, తిట్టిన సంగతి అక్కడే మాసిపోతుంది. తప్పులకు పుణ్యాన్ని చెల్లువేసుకుంటూ చాలా రోజులు ఊరికే గడిపేశానని లియావొఫానే రాసుకున్నాడు. రెండో చిక్కు కొలతది. మూడోసారి 10,000 మొక్కుకుని, 1586లో ప్రభుత్వోద్యోగానికి పెట్టే పెద్ద పరీక్ష నెగ్గి, బావోదీ జిల్లాకు అధికారిగా వెళ్లాడు. కచేరీలో చిన్న చిన్న దానాలకు వీల్లేదు, ఈ లెక్క ఎప్పటికి తీరుతుందని భార్య దిగులుపడింది. ఆయన అప్పటికే భూమి పన్నును మూ (చైనా నేల కొలత) ఒక్కింటికి 0.0237 లియాంగ్‌ల (చైనా తూకం) వెండి నుంచి 0.0146కు, అంటే దాదాపు 38 శాతం తగ్గించి ఉన్నాడు. ఆ ఒక్క పనితోనే పదివేలూ తీరాయని కలలో దేవత చెప్పిందట. కల మాట ఎలా ఉన్నా, అన్నం పెట్టడాన్నీ జిల్లా అంతటికీ పన్ను తగ్గించడాన్నీ ఒకే కొలపాత్రతో కొలవలేమని ఆయన కథే చెబుతోంది.

ల్యూ జోంగ్‌జౌ అభ్యంతరం ఇంకా మూలానికి వెళ్తుంది. ఇన్ని పుణ్యాలకు కొడుకు, ఇన్నింటికి ఉద్యోగం అని మొదలుపెడితే అది బేరమేనన్నాడు. తన చుట్టూ ఉన్న పండితుల్లో ఒకరు ఇలాంటి పద్దే తయారుచేస్తే, దానికి బదులుగా 1634లో తన పుస్తకం రాశాడు. అందులో జమ వరస లేదు; లాభాపేక్షను దూరం పెట్టడానికే పుణ్యం ఊసెత్తలేదని ముందుమాటలో చెప్పాడు. తప్పులను ఆరు తరగతులుగా పెట్టాడు: మనసులో ఇంకా రూపం కట్టనివి, భావోద్వేగాల్లో దాగినవి, నడకలో మాటలో బయటపడేవి, తల్లిదండ్రులు, భార్య, స్నేహితులు వంటి బంధాల్లో జరిగేవి, జూదం లాంటి రోజువారీ చిల్లర తప్పులు, చివరగా దిద్దుకోకపోవడం వల్ల ముదిరినవి.

తప్పు కనిపిస్తే చేయాల్సింది కూడా విడమర్చాడు. తెల్లవారాక శుభ్రమైన బల్ల మీద ఒక అగరువత్తి, ఒక గిన్నె నీళ్లు పెట్టాలి. ఎదురుగా చాప వేసుకుని, ఒకసారి వంగి నమస్కరించి, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. పది కళ్లు చూస్తున్నట్టు, పది చేతులు వేలెత్తి చూపిస్తున్నట్టు భావించి తన మీద తానే నేరం మోపుకోవాలి, ఒప్పుకోవాలి. చెమట పట్టి, ముఖం ఎర్రబడ్డాక మనసు తేలికపడుతుంది. ఆ తేలికదనాన్ని బలవంతపెట్టకుండా, మరిచిపోకుండా నిలుపుకోవాలి. సులువుగా దెబ్బతినేది ఇక్కడే. తనను తాను నిందించుకునే అలవాటున్నవాళ్లు చెమట పట్టే మెట్టు దగ్గరే ఆగిపోతారు, చివరి మెట్టు ఎక్కరు. అలాంటివాళ్లు దీన్ని ముట్టుకోకపోవడమే మంచిది. పైగా లేచాక రోజంతా తలుపు మూసుకుని ఉండమన్నాడు. ఉద్యోగానికి పోయేవాళ్లకు కుదిరే పని కాదు.

జెంగ్‌జి ప్రశ్నలు వీటి ముందు మరీ చిన్నవిగా కనిపిస్తాయి. ఇతరుల పని నెత్తిన వేసుకున్నప్పుడు మనస్ఫూర్తిగా చేశానా? స్నేహితులతో ఇచ్చిన మాట మీద నిలబడ్డానా? గురువు చెప్పింది సాధన చేశానా? నేను సంతోషంగా ఉన్నానా అన్న ప్రశ్న లేదు, పుణ్యం ఎంత మిగిలిందన్నదీ లేదు. మూడింట్లో రెండు ఎదుటి మనిషి గురించే. వీటి బలహీనత ఒకటే, కొన్నాళ్లకు పెదవులతోనే "చేశాను, చేశాను" అనేసి నిద్రపోతాం. దానికి విరుగుడు, ప్రతి జవాబులో ఒక పేరు, ఒక పని ఉండాలని నియమం పెట్టుకోవడం. "అందరితో బాగానే ఉన్నాను" చెల్లదు. "బావమరిదికి కాగితాలు ఇవాళ పంపుతానన్నాను, పంపలేదు" చెల్లుతుంది. మూడు వాక్యాలు చాలు, అయిదు నిమిషాల పని.

ఏళ్ల తరబడి నిలిచేది ఈ మూడు ప్రశ్నలే కాబట్టి రోజువారీకి వాటికే మొగ్గు. పద్దు పనికిరాదని కాదు. చేయి విదల్చనివాడికి, మంచి మాట నోటికి రానివాడికి ఏడాదిపాటు క్యాలెండర్ మీద ఎర్ర చుట్లు వేసుకోవడం బాగా పనిచేస్తుంది. అయితే తప్పులు వేరే కాగితం మీద రాసుకోవాలి, తీసివేత చేయకూడదు, ఫలానాది దక్కాలనే మొక్కు పెట్టుకోకూడదు. ల్యూ చెప్పిన అగరువత్తి కూర్చోవడం రోజూ అక్కర్లేదు. అదే పేరు, అదే తప్పు చిట్టాలో మళ్లీ మళ్లీ వస్తుంటే సెలవు రోజు చూసుకుని చేయొచ్చు. అదీ ఆయన చెప్పినట్టు తెల్లవారాకే. అలిసిపోయి ఉన్న రాత్రివేళ కూర్చుంటే నేరం మోపుకోవడం దగ్గరే నిద్ర ముంచుకొస్తుంది, ఒత్తి మాత్రం కాలిపోతుంది.