బీచ్ రోడ్డు హాఫ్ మారథాన్: రూ.1,828కి దక్కినదేమిటి?

నవంబరు చివరి ఆదివారం నాడు విశాఖ ఆర్.కె. బీచ్‌లో కాళీమాత ఆలయం దగ్గర మొదలై, రుషికొండ దాటి వెనక్కి తిరిగే ఒక హాఫ్ మారథాన్‌లో పరుగెత్తాను. ప్రకటనలో రుసుము రూ.1,499 అని వేశారు. దానికి 18 శాతం జీఎస్టీ, నమోదు చేసిన వెబ్‌సైటు వారి చార్జీ కలిసి చివరికి ఖాతాలోంచి రూ.1,828 వెళ్లింది. ఇదే రోడ్డు మీద 2017లో నేను పాల్గొన్న తొలి పది కిలోమీటర్ల పోటీకి రూ.400, 2019లో తొలి హాఫ్‌కు రూ.750 కట్టిన రసీదులు మెయిల్‌లో ఇంకా ఉన్నాయి. రైతుబజారులో కిలో టమాటాకు ఐదు రూపాయలు ఎక్కువ చెబితే పక్క దుకాణానికి నడిచే మనం, ఆరేళ్లలో రెండింతలు దాటిన ఈ రుసుమును మాత్రం ‘ఆరోగ్యం కోసమే కదా’ అనుకొని కట్టేస్తున్నాం. హోటలు భోజనాన్నో, కొత్త మిక్సీనో తూచి చూసినట్లే దీన్నీ చూడాలనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను. నిర్వాహకుల పేరు కావాలనే రాయలేదు. ఇందులోని లోపాల్లో చాలావరకు మరికొన్ని పోటీల్లోనూ నేను చూసినవే.

విశాఖలో పరుగెత్తడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టనవసరం లేదన్న సంగతి ముందే ఒప్పుకోవాలి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలను ఆపేస్తారు. కురుసుర జలాంతర్గామి ముందు నుంచి ఎటు వెళ్లినా నడిచేవారు, పరుగెత్తేవారు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు తప్ప మరేమీ ఎదురుకాదు. ఇంత మంచి దారి, ఇంత గాలి ఉచితంగా దొరికే ఊళ్లో డబ్బు కట్టి పరుగెత్తేవారు తమంతట తాము సమకూర్చుకోలేనిదేదో కొనుక్కుంటున్నారన్న మాట. నా దృష్టిలో అది అప్పూఘర్ అవతల, మామూలు రోజుల్లో బస్సులూ పర్యాటకుల కార్లూ తిరిగే రోడ్డును కొన్ని గంటలపాటు ఖాళీ చేసి ఇవ్వడం, సరిగ్గా కొలిచిన దూరం, నమ్మదగిన సమయం, దారి పొడవునా నీళ్లు, అవసరమైతే వైద్యం. తక్కినదంతా పెళ్లిపందిరి అలంకరణ వంటిదే.

రోడ్డు విషయంలో ఈ పోటీకి నూటికి తొంభై మార్కులు వేస్తాను. తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తు ఎక్కి జోడుగుళ్లపాలెం వైపు దిగేచోట, జూ గేటు దగ్గర, సాగర్‌నగర్ కూడళ్లలో పోలీసులూ ఎన్‌సీసీ పిల్లలూ నిలబడి ఒక్క బైకును కూడా లోపలికి రానివ్వలేదు. కళ్లలో హెడ్‌లైట్లు పడకుండా, ఎడమవైపు కొండ నీడ, కుడివైపు కింద అలల చప్పుడు తోడుగా మసక చీకట్లో ఆ దిగుడు మీద పరుగెత్తే అవకాశం మరే రోజూ రాదు. రుసుములో సగం దీనికే ఖర్చయిందని ఎవరైనా లెక్క చూపించినా నేను బాధపడను.

దూరం దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. ముగింపు గీత దాటేసరికి నా వాచీలో 20.4 కనిపించింది. జీపీఎస్ వాచీని సాక్ష్యంగా పెట్టుకొని తగువుకు దిగకూడదన్నది నిజమే; కొండ పక్కన, ఎత్తయిన భవనాల మధ్య అది తడబడుతుంది. అయితే పోటీల్లో అది సాధారణంగా ఎక్కువే చూపుతుంది గానీ తక్కువ చూపదు. దారిని మలుపుల లోపలి అంచును అంటిపెట్టుకొని కొలుస్తారు. జనంలో పరుగెత్తేవారేమో తప్పుకుంటూ, వంకరలు పోతూ అంతకంటే ఎక్కువే పరుగెత్తుతారు. నా చుట్టూ ఉన్న ఐదారుగురి వాచీల్లోనూ 20.3 నుంచి 20.5 వరకే ఉందంటే, తప్పు వాచీలది కాదు, తిరుగు మలుపు దగ్గర కోన్లను ఇవతలికి జరిపి పెట్టినవారిది.

అంతర్జాతీయ గుర్తింపు పొందే పోటీల్లో దారిని సైకిలుతో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్కపెట్టే పరికరాన్ని బిగించి, టేపుతో ఖచ్చితంగా కొలిచిన కొద్ది దూరం మీద ఆ సైకిలును పలుమార్లు నడిపి, కిలోమీటరుకు ఎన్ని అంకెలు తిరుగుతాయో తేల్చుకుంటారు. ఎండ ఎక్కేకొద్దీ టైరులోని గాలి మారుతుంది కనుక పని ముగిశాక మళ్లీ సరిచూసుకుంటారు. దూరం ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున, అంటే హాఫ్‌కు 21 మీటర్లు, కావాలనే కలుపుతారు. వేలమంది నుంచి రుసుము తీసుకున్నవారికి ఇది మోయలేని ఖర్చేమీ కాదు. అలాంటిది ఇక్కడ 21 మీటర్లు కలపడం మాట అటుంచి, ఏడువందల మీటర్లు కోసేశారు.

ఇది చాదస్తమని అనేవారు నా లెక్క చూడండి. ఈ పోటీలో నా సమయం 2 గంటల 9 నిమిషాల 12 సెకన్లు. అంతకుముందు నా ఉత్తమ సమయం 2 గంటల 12 నిమిషాల 50 సెకన్లు. మూడున్నర నిమిషాలు తగ్గించానన్న సంబరంలో గీత దాటగానే చేతులెత్తి అరిచాను, ఇంటికి ఫోను చేసి మరీ చెప్పాను. సాయంత్రం తీరిగ్గా కాగితం మీద వేసి చూస్తే, కిలోమీటరుకు 6 నిమిషాల 20 సెకన్లు పట్టిన నా వేగంతో పూర్తి దూరం పరుగెత్తి ఉంటే 2 గంటల 13 నిమిషాల 37 సెకన్లు అయ్యేది. అంటే పాత రికార్డు కంటే 47 సెకన్లు వెనకబడ్డాను. ఏడాది పొడవునా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచిన మనిషికి తాను మెరుగుపడ్డాడో, దిగజారాడో చెప్పలేని పోటీకి రూ.1,828 ఎక్కువే.

సమయాన్ని నమోదు చేయడంలో మాత్రం వంక పెట్టడానికేమీ లేదు. బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) వెనక అంటించిన పలచటి చిప్ ప్రారంభ గీత మీది మ్యాట్‌ను దాటినప్పటి నుంచి లెక్క మొదలవుతుంది కనుక, గుంపులో వెనక నిలబడి రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా గీత దాటినవారికి అన్యాయం జరగదు. తిరుగు మలుపు దగ్గర కూడా మ్యాట్ వేశారు; సగం దారిలో ఎవరూ చల్లగా వెనక్కి తిరిగే వీలు లేదు. మధ్యాహ్నానికల్లా ఫలితాలు ఫోనుకు వచ్చాయి. తప్పు దూరానికి ఇంత నిక్కచ్చి సమయం అందడం ఒక వింత.

ఐదు గంటలకు మొదలు కావలసిన పరుగు ఐదుంపావు దాటాక, మరో పది నిమిషాలకు మొదలైంది. వేదిక మీద అతిథుల పరిచయాలు, జ్ఞాపికలు, తరువాత ఒకరి వెంట ఒకరి ప్రసంగాలు. మరో ఊళ్లో ఈ ఇరవై ఐదు నిమిషాలు చిన్న విషయం కావచ్చు. నవంబరు చివర ఇక్కడ ఆరుంపావుకల్లా సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఒళ్లు చల్లబడకపోతే అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. రుషికొండ నుంచి తిరుగు దారిలో చెట్టు నీడ కూడా చాలాచోట్ల దొరకదు. మైకు పట్టుకున్నవారు నీడలో కుర్చీల్లో కూర్చుంటారు కనుక వారికి ఈ లెక్క పట్టదు.

నీళ్ల ఏర్పాటు వెళ్లేటప్పుడు బాగుంది, వచ్చేటప్పుడు చెడింది. జోడుగుళ్లపాలెం దగ్గరి బల్ల చేరేసరికి దాని మీద ఖాళీ కప్పులే మిగిలాయి. అక్కడున్న కుర్రాడు, “అయిపోనాయి సార్, బండి వత్తంది” అని తప్పు తనదైనట్టు తలదించుకున్నాడు. పాపం అతనేం చేస్తాడు! నాకంటే అరగంట వెనక వస్తున్నవారి సంగతే నన్ను బాధించింది. రెండు గంటల్లోపు ముగించేవారికీ మూడు గంటలు తీసుకునేవారికీ రుసుము ఒకటే. నిజానికి ఎండలో ఎక్కువసేపు ఉండేవారికే నీళ్లూ ఉప్పూ ఎక్కువ కావాలి, అయినా ఖాళీ బల్లలు వారికే మిగులుతాయి. దారి మొత్తంలో ఓఆర్ఎస్ ఒక్కచోటే పెట్టారు. గంటల తరబడి చెమటలో ఉప్పు పోగొట్టుకుంటూ ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక ఇది చిన్న లోటు కాదు. అంబులెన్సులు, ఫిజియోలు మాత్రం చెప్పినచోట చెప్పినట్టే ఉన్నారు.

ఇక సంచి సంగతి. రంగుల టీషర్టు, అరచేయంత మెడల్, మూడు రకాల ప్రకటన కాగితాలు, ఒక షాంపూ ప్యాకెట్, ఒక డయాగ్నొస్టిక్ సెంటరు డిస్కౌంటు కూపన్ ఇచ్చారు. దీన్ని తీసుకోవడానికి శుక్ర, శనివారాల్లోనే, అదీ సాయంత్రం ఆరులోపే రావాలన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకాయన ఇందుకోసమే ముందురోజు లాడ్జి తీసుకున్నానని చెప్పారు. ఆయనకు అసలు రుసుము రూ.1,828 కాదు, మూడు వేలు దాటింది. నా బీరువాలో ఇటువంటి టీషర్టులు ఇప్పటికే పదకొండు ఉన్నాయి, వాటిలో మూడింటితో స్కూటరు తుడుస్తున్నాం. డాబాగార్డెన్స్‌లో టీషర్టుల మీద అచ్చువేసే దుకాణంలో వాకబు చేస్తే, వందల సంఖ్యలో తీసుకుంటే ఇదే రకం నూట యాభై లోపు పడుతుందన్నారు. ‘టీషర్టు వద్దు, ఆ మేరకు తగ్గించండి’ అనే గడి నమోదు పత్రంలో ఒకటి ఉంటే చాలామంది దాన్నే నొక్కుతారు. వేదిక, డీజే, సినిమా అతిథి ఖర్చు తగ్గించమని అడిగే గడి ఎలాగూ ఉండదు.

రుసుము గురించి మాట్లాడేటప్పుడు వాపసు నిబంధనను వదిలేయకూడదు. ‘ఏ కారణం చేతనైనా పోటీ రద్దయితే రుసుము తిరిగి ఇవ్వబడదు, మరొకరికి బదిలీ చేయబడదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. 2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ నౌకను వాయుగుండం ఈడ్చుకొచ్చి వదిలింది మేము పరుగెత్తిన తెన్నేటి పార్కు ఒడ్డునే. అలాంటి కాలంలో, అలాంటి రోడ్డు మీద పోటీ పెట్టేవారు వాన భారమంతా పరుగెత్తేవారి నెత్తినే వేయడం సబబు కాదు. వచ్చే ఏడాది పోటీకైనా ఆ రుసుము చెల్లేలా చూడాలి.

రుసుములు పెరగడం మన ఊరికే పరిమితం కాదు. 1970లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జరిగిన తొలి మారథాన్‌కు ప్రవేశ రుసుము ఒక్క డాలరు. 127 మంది పేర్లు ఇచ్చారు, 55 మంది పూర్తి చేశారు. పార్కులోనే గిరగిరా తిరిగే పరుగు కాబట్టి ఊరి రోడ్లను ఆపే ఖర్చు లేదు. పోటీ నగర వీధుల్లోకి వచ్చాక పోలీసులు, అడ్డుకట్టలు, వైద్యం, చిప్‌లు వచ్చాయి. నేడు అక్కడ వందల డాలర్లు కట్టాలి. మరోపక్క 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్, వారం వారం ఐదు కిలోమీటర్ల పరుగును నేటికీ ఉచితంగానే నడుపుతోంది. అక్కడ మెడల్ లేదు, టీషర్టు లేదు; వాలంటీర్లే సమయం నమోదు చేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెడితే, పరుగు ఖరీదైనది కాదని, రోడ్డును ఖాళీ చేయించడమే ఖరీదైనదని తెలుస్తుంది. అందుకే బీచ్ రోడ్డులో ఎలాగూ వాహనాలు ఆపే వేళలో, ఆ కాస్త దూరంలోనే అటూ ఇటూ తిప్పే ఐదు కిలోమీటర్ల పరుగుకు రూ.799 వసూలు చేయడానికి నాకు కారణం కనిపించదు.

ఈ ధరల వల్ల పోటీకి వచ్చేవారు కూడా మారిపోయారు. పెదజాలారిపేట ఇసుకలో, ఏయూ మైదానంలో రోజూ పొద్దున్నే కానిస్టేబుల్ పరీక్షకో, సైన్యంలో చేరడానికో 1,600 మీటర్లు సాధన చేసే కుర్రాళ్లను చూస్తుంటాను. మా గుంపులో ఎవరూ వారి వెనక రెండొందల మీటర్లు నిలబడలేరు. 2017లో వారిలో కొందరు అరిగిన కాన్వాసు బూట్లతో వచ్చి బహుమతులు పట్టుకుపోయారు. ఈసారి ముందు వరుసలో అలాంటివారు ఇద్దరు ముగ్గురు మించి కనిపించలేదు. ఊళ్లో అతి వేగంగా పరుగెత్తేవారు గట్టు మీద నిలబడి చూస్తుండగా, నా వంటి నడివయసువాళ్లం మెడల్స్ వేసుకొని ఫొటోలు దిగాం.

కనుక నా సలహా ఇది. ఐదు కిలోమీటర్లకు డబ్బు కట్టవద్దు. ఇంటిల్లిపాదీ ఒక ఆదివారం కాళీమాత ఆలయం దగ్గర కలుసుకొని పరుగెత్తండి, మిగిలిన డబ్బుతో అందరూ టిఫిను చేయండి. పది కిలోమీటర్లకు, అది మీ జీవితంలో మొదటిదైతే, గుంపులో పరుగెత్తే ఉత్సాహం కోసం కట్టవచ్చు. హాఫ్‌కు ఏడాదికి ఒకసారి కట్టండి, అయితే ముందుగా నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: దారిని ఎవరు, ఎలా కొలిచారు, చివరి మనిషి వచ్చేవరకు నీళ్లు ఉంచుతారా. ఈ రెండింటికీ లిఖితపూర్వకంగా జవాబిచ్చేవారికి రెండు వేలైనా ఇవ్వవచ్చు. పోటీ ముగిసిన మూడోరోజున నేను ఈ నిర్వాహకులకు దూరం గురించి మెయిల్ రాశాను. దానికి జవాబు రాలేదు గానీ, వచ్చే ఏడాది పోటీకి ఇప్పుడే నమోదు చేసుకుంటే రెండువందల రాయితీ ఇస్తామన్న సందేశం నిన్న వచ్చింది. అదే మెయిల్‌ను మళ్లీ పంపించి, ఆ రాయితీ గడువు తేదీ వరకు ఆగుతున్నాను.